తుఫానుకు పేరు పెట్టిన క్లెమెంట్ ర్యాగ్

తుఫానుకు మనిషిలాగా పేరెందుకు అని మీలో చాలామంది అడుగుతుంటారు. ఆ పేర్లు మొదలుపెట్టిన ఆయన గురించి నేను రాస్తున్నాను.

ఆయన పేరు క్లెమెంట్ ర్యాగ్. 1852లో ఇంగ్లాండులో పుట్టాడు. పసితనంలోనే తల్లి పోయింది, తర్వాత తండ్రి పోయాడు. నాయనమ్మే పెంచింది. ఆకాశం సంగతులు మొదట ఆమే నేర్పింది. లాయరు చదువు మొదలుపెట్టి వదిలేశాడు. 1881లో స్కాట్లాండులో బెన్ నెవిస్ అనే 1,345 మీటర్ల కొండను జూన్ నుంచి అక్టోబరు దాకా రోజూ ఎక్కి వాతావరణం రాసుకున్నాడు. మనం కొండ ఎక్కేవాళ్లమే కదా, వానలో రోజూ ఎక్కడం ఎంత కష్టమో మనకు తెలుసు. దానికి బంగారు పతకం ఇచ్చారు.

1887లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో వాతావరణ అధికారి అయ్యాడు. అక్కడే తుఫానులకు పేర్లు పెట్టాడు. ముందు గ్రీకు అక్షరాలు, తర్వాత ఆడవాళ్ల పేర్లు, ఆ తర్వాత తనకు నచ్చని రాజకీయ నాయకుల పేర్లు! పేరుంటే ఏ తుఫానో జనానికి గుర్తుంటుంది.

1899 మార్చిలో వచ్చిన తుఫానుకు మహీనా అని పేరు పెట్టాడు. అది బాథర్స్ట్ బే దగ్గర ముత్యపు చిప్పలు తీసే పడవలను ముంచేసింది. అప్పుడు పడవల్లో రేడియో లేదు. 300 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో అక్కడి ఆదివాసులూ ఉన్నారు. స్మారక రాయి మీద తెల్లవాళ్ల పేర్లు చెక్కారు, మిగతావాళ్లను లెక్కగా మాత్రమే రాశారు. తుఫానుకు పేరుంది, వాళ్లకు లేదు. ఇది చదివి నాకు చాలా బాధేసింది.

1902లో కరువొస్తే ఫిరంగులతో వాన కురిపించాలని చూశాడు. కురవలేదు. 1903లో ఉద్యోగం వదిలేశాడు. 1922లో న్యూజిలాండులో చనిపోయాడు.

ఆయన వెళ్లాక ఆస్ట్రేలియాలో పేర్లు ఆగిపోయి, 1960ల్లో మళ్లీ మొదలయ్యాయి. మన సముద్రాలలో 2004 నుంచి పెడుతున్నారు. ఒక్కోసారి ఒకే పేరు రెండు చోట్ల వస్తుంది. 2008లో ఆస్ట్రేలియాలో డార్విన్ దగ్గరికి హెలెన్ వచ్చింది, 2013లో మన మచిలీపట్నం దగ్గరా హెలెన్ వచ్చింది. అందుకే పేరుతోపాటు సంవత్సరం, ఊరు కూడా చెప్పాలి. 2014లో వచ్చిన హుద్‌హుద్‌ది ఒక పిట్ట పేరు. ఆ పిట్ట పేరుగల గాలే అరకు కాఫీ తోటల్లో చెట్లు కూల్చింది.

కాబట్టి రేడియోలో తుఫాను పేరు వినిపిస్తే నవ్వకండి. ఎటు వస్తుందో చివరిదాకా వినండి. ఇంటికి వెళ్లినప్పుడు చదువురాని మన అమ్మానాన్నలకూ చెప్పండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని