మంచులో దొరికిన కెరియర్

ఫీజు కట్టలేక చదువు మధ్యలో ఆపేసినవాళ్లు మీ క్లాసులోనూ ఒకరిద్దరు ఉండే ఉంటారు. క్లారెన్స్ బర్డ్స్‌ఐ కూడా అలాంటివాడే. 1886లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. జీవశాస్త్రమంటే పిచ్చి. ఆమ్‌హర్స్ట్ కాలేజీలో చేరాక కప్పల్ని, ఎలుకల్ని పట్టి అమ్మి ఖర్చులకు డబ్బులు కూడబెట్టాడు. అయినా చాల్లేదు. డిగ్రీ చేతికి రాకుండానే బయటికొచ్చేశాడు.

దొరికిన పనల్లా చేశాడు. అమెరికా వ్యవసాయ శాఖ తరఫున అడవులు తిరిగాడు. మోంటానాలో జ్వరాన్ని మోసుకొచ్చే పిడుదుల మీద పరిశోధనలో పాల్గొన్నాడు. ఇప్పుడైతే రెజ్యూమెలో ఎక్కడ ఇరికించాలో తెలియని అనుభవం! 1912లో నక్కల బొచ్చు వ్యాపారం కోసం ఇప్పుడు కెనడా ఈశాన్యాన ఉన్న లాబ్రడార్ వెళ్లాడు.

అక్కడి ఇన్యూట్ ప్రజలు మంచుకి రంధ్రం చేసి చేపలు పట్టేవారు. మైనస్ 40 డిగ్రీల చలిలో బయటికి తీసిన చేప చూస్తుండగానే బిగుసుకుపోయేది. నెలల తర్వాత కరిగించి వండినా తాజా రుచే. తక్కువ చలిలో మెల్లగా గడ్డకట్టిన మాంసానికి ఆ రుచి లేదు. ఇన్యూట్‌లకు ఇది తరతరాలుగా తెలిసిన సంగతే. ఎందుకిలా అని ఆలోచించడమే బర్డ్స్‌ఐ చేసిన పని.

కారణం ఇదీ: మెల్లగా గడ్డకడితే మాంసంలోని నీరు పెద్ద పెద్ద మంచు స్ఫటికాలుగా మారి కణాల్ని చీల్చేస్తుంది. కరిగించగానే రసమంతా కారిపోతుంది. వేగంగా గడ్డకడితే స్ఫటికాలు చిన్నవిగా ఉంటాయి, కణాలు పెద్దగా దెబ్బతినవు.

మీ రూమ్‌లో కీమాకూ ఇదే సూత్రం. కిలో కీమాను ముద్దలా ఫ్రీజర్లో పడేస్తే లోపలిదాకా గడ్డకట్టడానికి గంటలు పడుతుంది. కవర్లో వేసి అరంగుళం మందాన చపాతీలా పరిచి పెట్టండి. తొందరగా గడ్డకడుతుంది, తొందరగా కరుగుతుంది కూడా. కరిగించాలంటే ముందురోజు రాత్రే కింది అరలోకి మార్చండి. వంటగట్టు మీద వదిలేయొద్దు. లోపల ఇంకా మంచు ఉండగానే పైభాగం వేడెక్కి బ్యాక్టీరియా పెరుగుతుంది. కొట్టిన మాంసంలో అది లోపలిదాకా కలిసిపోయి ఉంటుంది మరి. అర్జెంటైతే కవరు గట్టిగా మూసి చల్లటి నీళ్లలో ఉంచండి. అరగంటకోసారి నీళ్లు మార్చండి, కరగగానే వండేయండి.

బర్డ్స్‌ఐ దగ్గరికొద్దాం. లాబ్రడార్‌లో చూసింది వ్యాపారంగా మారడానికి దాదాపు పదేళ్లు పట్టింది. ఒక ఫ్యాను, కాస్త ఐసు, ఉప్పునీళ్ల బకెట్లు... ప్రయోగాలకు పెట్టుబడి 7 డాలర్లేనంటారు. న్యూయార్క్‌లో చేపల కంపెనీ పెట్టాడు. అప్పట్లో గడ్డకట్టిన చేపంటే జనానికి పాడైన చేపే. ఎవరు కొంటారు? 1924లో దివాలా. అప్పటికి వయసు 37, ఇంట్లో భార్యాపిల్లలు.

మసాచుసెట్స్‌లోని గ్లౌస్టర్ రేవుకి మారి మళ్లీ మొదలుపెట్టాడు. జీవిత బీమా సొమ్ము కూడా అందులోనే పోశాడు. ఈసారి చేపను ప్యాకెట్లో పెట్టి, బాగా చల్లబరిచిన రెండు లోహపు పలకల మధ్య నొక్కి గడ్డకట్టించే యంత్రం తయారుచేశాడు. 1929లో, షేర్ మార్కెట్ కుప్పకూలడానికి కొన్ని నెలల ముందు, కంపెనీనీ పేటెంట్లనూ కలిపి 2.2 కోట్ల డాలర్లకు అమ్మేశాడు. 1930 మార్చి 6న స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలోని 18 దుకాణాల్లో ఆ ప్యాకెట్లు అమ్మకానికొచ్చాయి. దుకాణాల్లో ఫ్రీజర్లు ఎక్కడివి? వాటినీ కంపెనీయే సమకూర్చాల్సి వచ్చింది. నన్నడిగితే యంత్రం కన్నా ఇదే కష్టమైన పని.

అంత డబ్బొచ్చినా ఖాళీగా కూర్చోలేదు. బల్బుల మీద, కూరగాయల్ని ఎండబెట్టడం మీద పనిచేశాడు. అరవై దాటాక పెరూ వెళ్లి చెరకు పిప్పితో కాగితం తయారీలో పడ్డాడు. పేటెంట్లు 300 దాకా ఉంటాయని చెబుతారు. 1956 అక్టోబరు 7న న్యూయార్క్‌లో చనిపోయాడు. చితాభస్మాన్ని గ్లౌస్టర్ దగ్గర సముద్రంలో కలిపారు.