ఎల్-వాల్యూ వెనక ఒక మాస్టారు

ఫస్ట్ ఇయర్ సీ ల్యాబ్‌లో నాకొచ్చిన మొదటి ఎర్రర్ ఇప్పటికీ గుర్తుంది. రెండు నంబర్లు కూడి టోటల్‌లో పెట్టాలి. తొందరలో లైన్ తిరగేసి రాశాను. ఈక్వల్స్‌కి ఎడమపక్క ఏ ప్లస్ బీ, కుడిపక్క టోటల్. ఎడమవైపు ఎల్-వాల్యూ కావాలి అని కంపైలర్ ఎర్రర్ కొట్టింది. ఎల్-వాల్యూ అంటే ఏంటో నాకు తెలీదు, పక్క సిస్టమ్ వాడికీ తెలీదు. అటూ ఇటూ మార్చాం, అవుట్‌పుట్ వచ్చింది, రికార్డులో రాసేసి సంతకం పెట్టించుకున్నాం.

తర్వాత ఏడాదిన్నరలో నా రెజ్యూమెలో నాలుగు భాషలు చేరాయి. సీ, సీ ప్లస్ ప్లస్, జావా, పైతాన్. ఈ సెమిస్టర్ మాక్ ఇంటర్వ్యూలో ఫైనల్ ఇయర్ అన్న ఒకడు నన్ను చాలా సింపుల్‌గా అడిగాడు. ఒక ఫంక్షన్ ఇంకో కొత్త ఫంక్షన్‌ని తయారుచేసి తిరిగివ్వగలదా? పైతాన్‌లో ఏం జరుగుతుంది, సీలో ఏం జరుగుతుంది? నాలుగు భాషలు రాసుకున్నవాణ్ని నాలుగు మాటలు చెప్పలేకపోయాను.

ఆ రాత్రి జవాబు వెతుక్కుంటూ పోతే, అన్న అడిగిన ప్రశ్న, నా పాత ఎర్రర్ రెండూ ఒకే మనిషి దగ్గరికి తీసుకెళ్లాయి. ఆయన పేరు క్రిస్టఫర్ స్ట్రేచీ. మనందరికీ ట్యూరింగ్ తెలుసు. ప్రోగ్రామింగ్ భాషల గురించి లోతుగా చదివేవాళ్లకి స్ట్రేచీ కూడా అంత దగ్గరి పేరే. కానీ మన సిలబస్‌లో ఆయన మాటలున్నాయి, ఆయన పేరు లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

స్ట్రేచీ 1916 నవంబర్ 16న లండన్‌లోని హాంప్‌స్టెడ్‌లో పుట్టాడు. నాన్న ఆలివర్ శత్రువుల రహస్య సంకేతాలు ఛేదించే ఉద్యోగి. అమ్మ రే ఆడవాళ్ల ఓటు హక్కు కోసం పనిచేసిన రచయిత్రి. బాబాయి లిటన్ స్ట్రేచీ ఇంగ్లండ్‌లో పేరుమోసిన రచయిత. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్లాడి మీద ఎన్ని ఆశలుంటాయో మనకి వేరే చెప్పక్కర్లేదు. 1935లో కేంబ్రిడ్జ్‌లోని కింగ్స్ కాలేజీలో చేరాడు. మూడో ఏడాదిలో మానసికంగా బాగా దెబ్బతిని చదువు ఆపాల్సి వచ్చింది. తిరిగొచ్చి డిగ్రీ పూర్తి చేశాడు గానీ వచ్చింది సెకండ్ క్లాస్, అందులోనూ కింది మెట్టు. ఆ మార్కులతో పరిశోధనకి దారి మూసుకుపోయింది.

ఒక కంపెనీలో చేరి, యుద్ధకాలంలో రేడియో వాల్వుల మీద పనిచేశాడు. ఆ లెక్కల కోసం డిఫరెన్షియల్ ఎనలైజర్ అనే మెషీన్ వాడాల్సి వచ్చింది. లెక్కలు చేసే యంత్రాల మీద ఆసక్తి అక్కడ మొదలైంది. కానీ ఆ తర్వాత ఆయన ఎంచుకున్నది బడిపంతులు ఉద్యోగం. కాంటర్‌బరీలో ఒక స్కూల్లో, 1949 నుంచి హారో స్కూల్లో పిల్లలకి పాఠాలు చెప్పాడు. ముప్పై నాలుగేళ్లొచ్చేవరకు ఒక్క ప్రోగ్రామ్ కూడా రాయలేదు. మనం ఇరవైకే లేట్ అయిపోయాం అనుకుంటాం కదా, అందుకని ఈ సంగతి రెండుసార్లు చదివాను.

1951 జనవరిలో, సెలవుల్లో, ఒక స్నేహితుడి పరిచయంతో నేషనల్ ఫిజికల్ లాబొరేటరీకి వెళ్లి పైలట్ ఏస్ అనే కంప్యూటర్‌ని చూశాడు. ఇంటికొచ్చి డ్రాఫ్ట్స్ ఆట ఆడే ప్రోగ్రామ్ రాయడం మొదలుపెట్టాడు. డ్రాఫ్ట్స్ అంటే మనం చెకర్స్ అనేది. స్కూల్ అయ్యాక మిగిలిన టైమ్‌లో రాసుకున్న ప్రోగ్రామ్ అది. జూలై 30న మొదటిసారి నడిపితే తప్పులతో ఆగిపోయింది. పైగా ఆ మెషీన్ మెమరీ మొత్తం ఆ ఒక్క ఆటకే సరిపోయింది. మాంచెస్టర్‌లో ఇంకా పెద్ద మెమరీ ఉన్న మెషీన్ వచ్చిందని తెలిసి, కేంబ్రిడ్జ్ రోజుల నుంచి తెలిసిన ట్యూరింగ్‌ని మాన్యువల్ అడిగి తెప్పించుకున్నాడు. ఆట మొత్తాన్ని ఆ కొత్త మెషీన్ కోడ్‌లో మళ్లీ రాశాడు. 1952 వేసవికల్లా అది ఆట మొదటినుంచి చివరిదాకా ఆడగలిగింది.

ఇక్కడ నేను కాసేపు ఆగాను. ఆట మారలేదు, ఎత్తులు మారలేదు. మెషీన్ మారిందని రాసిందంతా మారిపోయింది. మరి మారకుండా మిగిలినదేంటి? దాన్ని దేంట్లో రాసి పెట్టుకోవాలి? స్ట్రేచీ తర్వాత చేసిన పని చాలావరకు ఈ ప్రశ్నకి జవాబులాగే నాకు కనిపిస్తుంది.

మాంచెస్టర్ మెషీన్ మీద ఆయన సరదా పనులు కూడా చేశాడు. అప్పటికి దాని మీద నడిచిన పెద్ద ప్రోగ్రాముల్లో ఒకటి రాసి, చివర్లో ఆ మెషీన్ చేతే బ్రిటిష్ జాతీయ గీతం ఊదించాడు. 1952లో ప్రేమలేఖలు రాసే ప్రోగ్రామ్ రాశాడు. మాటల జాబితాల్లోంచి ఏదో ఒకటి ఏరి వాక్యాల్లో పేర్చి, కింద యూనివర్సిటీ కంప్యూటర్ పేరుతో సంతకం పెట్టేది. అదే ఏడాది జూన్‌లో స్కూల్ ఉద్యోగం వదిలేసి, కొత్త ఆవిష్కరణలకి సాయం చేసే ప్రభుత్వ సంస్థ ఒకదాంట్లో చేరాడు. పెగసస్ అనే కంప్యూటర్ డిజైన్‌లో పాలుపంచుకున్నాడు. 1959లో ఆ ఉద్యోగం కూడా వదిలి సొంతంగా కన్సల్టెంట్ అయ్యాడు. 1960లో పీటర్ లాండిన్ అనే కుర్రాణ్ని అసిస్టెంట్‌గా పెట్టుకున్నాడు. అలోంజో చర్చ్ 1930లలో తయారుచేసిన లాంబ్డా కాల్క్యులస్‌తో ప్రోగ్రామింగ్ భాషల్ని వివరించొచ్చని చూపించినవాడు ఈ లాండిన్. అమెరికాలో జాన్ మెకార్తీ అప్పటికే లిస్ప్ తయారుచేశాడు. అంటే ఫంక్షన్లతో ఆలోచించడం స్ట్రేచీ ఒక్కడి సొత్తు కాదు. కానీ దానికి పేర్లు పెట్టి, పాఠంగా మార్చి చెప్పినవాళ్లలో ఆయన ముందున్నాడు.

1962లో కేంబ్రిడ్జ్‌కి తిరిగొచ్చాడు. ఈసారి స్టూడెంట్‌గా కాదు, కొత్త భాష తయారుచేయడానికి. కేంబ్రిడ్జ్, లండన్ కలిసి చేసిన ఆ భాష పేరు సీపీఎల్. చాలా పెద్ద భాష. అనుకున్నట్టు దాని కంపైలర్ పూర్తవలేదు. మన ప్రాజెక్ట్ రివ్యూలో అయితే ఫెయిల్ అనేవారు. కానీ ఆ టీమ్‌లోంచి వచ్చిన మార్టిన్ రిచర్డ్స్ దాన్ని బాగా కుదించి బీసీపీఎల్ చేశాడు. దాన్నుంచి బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ బీ చేశాడు. దాన్నుంచి డెన్నిస్ రిచీ సీ చేశాడు. మనం రోజూ కామెంట్ ముందు పెట్టే రెండు గీతలు బీసీపీఎల్‌వే. సీలో పోయి, సీ ప్లస్ ప్లస్‌లో మళ్లీ వచ్చాయి.

ఎల్-వాల్యూ, ఆర్-వాల్యూ అనే మాటలూ ఆ సీపీఎల్ పని నుంచే వచ్చాయి. హాస్టల్ లెక్కలో చెప్తాను. గది నంబర్ వేరు, గదిలో ఉండే మనిషి వేరు. ఈక్వల్స్‌కి కుడిపక్క మనకి కావాల్సింది మనిషి, అంటే విలువ. ఎడమపక్క కావాల్సింది గది, అంటే ఆ విలువని పెట్టే చోటు. ఏ ప్లస్ బీ ఒక విలువ మాత్రమే, దానికంటూ గది లేదు. అందుకే కంపైలర్ నన్ను ఆపింది.

1965లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రోగ్రామింగ్ రీసెర్చ్ గ్రూప్ మొదలుపెట్టాడు. 1967 ఆగస్టులో కోపెన్‌హాగన్‌లో జరిగిన సమ్మర్ స్కూల్లో ప్రోగ్రామింగ్ భాషల మూల భావనల మీద పాఠాలు చెప్పాడు. ఆ నోట్స్ చేతులు మారుతూ కాపీలుగా తిరిగాయి. పత్రికలో అచ్చయింది 2000లో, అంటే ఆయన పోయిన పాతికేళ్లకి. మన ఊప్స్ పేపర్లో అయిదు మార్కులకొచ్చే పాలిమార్ఫిజం ఆ నోట్స్‌లో రెండు రకాలుగా ఉంది. ప్లస్ గుర్తు పూర్ణాంకాలకి ఒకలా, దశాంశాలకి ఇంకోలా పనిచేయడం ఒక రకం. ఏ టైప్ లిస్ట్ అయినా ఒకే కోడ్ పనిచేయడం రెండో రకం. జావాలో ఓవర్‌లోడింగ్ మొదటిదానికి, జెనరిక్స్ రెండోదానికి దగ్గర.

అన్న అడిగిన ప్రశ్న కూడా అందులోనే ఉంది. అప్పటి ఆల్గాల్ భాషలో నంబర్లకున్న హక్కులు ఫంక్షన్లకి లేవని స్ట్రేచీ చూపించాడు. నంబర్‌ని వేరియబుల్‌లో దాచుకోవచ్చు, ఫంక్షన్ నుంచి తిరిగివ్వొచ్చు. ఫంక్షన్‌ని అలా చేయలేం. ఫంక్షన్ ఫస్ట్ క్లాస్ అన్నమాట అక్కడిది. ఇంగ్లిష్‌లో చదివినప్పుడు నాకు బాగానే అర్థమైనట్టు అనిపించింది. రూమ్మేట్‌కి తెలుగులో చెప్పబోతే నోరు పెగల్లేదు. చివరికి ఆవకాయ ఆదుకుంది. అమ్మ ఆవకాయ జాడీ పంపిస్తే అది విలువ. ఆవకాయ పెట్టే పద్ధతి రాసి పంపిస్తే అది ఫంక్షన్. కారం ఎంత కావాలో చెప్తే, ఆ కారానికి సరిపడా పద్ధతి రాసిచ్చే అమ్మ ఉందనుకో, ఆవిడ ఫంక్షన్‌ని తిరిగిచ్చే ఫంక్షన్. పైతాన్‌లో ఇది చేయొచ్చు, కారం లెక్క పద్ధతితోపాటే వెళ్తుంది. సీలో ఫంక్షన్ అడ్రస్ పంపొచ్చు. కానీ అప్పటి విలువని వెంటబెట్టుకున్న కొత్త ఫంక్షన్‌ని అక్కడికక్కడ పుట్టించలేం. సీపీఎల్ నుంచి కుదించుకుంటూ వచ్చిన దారిలో ఆ సంగతి రాలిపోయింది. తర్వాత ఎంఎల్, హాస్కెల్ దాన్ని ముఖ్యం చేసుకున్నాయి. సీ ప్లస్ ప్లస్‌కి 2011లో, జావాకి 2014లో లాంబ్డాలు వచ్చాయి.

స్ట్రేచీ ఒక్క భాషకి పరిమితం కాలేదు. ఏ భాషలో రాసిన ప్రోగ్రామ్‌కైనా, మెషీన్‌తో సంబంధం లేకుండా, ఒక గణిత ఫంక్షన్ అర్థంగా ఉండాలన్నది ఆయన పట్టుదల. 1969లో డేనా స్కాట్ అనే తర్కశాస్త్రవేత్త ఆక్స్‌ఫర్డ్‌కి వచ్చి ఆ ఆలోచన కింద గట్టి పునాది వేశాడు. ఇప్పుడు దాన్ని డినోటేషనల్ సెమాంటిక్స్ అంటున్నారు. అలాగని స్ట్రేచీ బోర్డు దగ్గరే ఉండిపోలేదు. జో స్టాయ్‌తో కలిసి బీసీపీఎల్‌లో ఓఎస్6 అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ రాశాడు. థియరీ ఒక గదిలో, ల్యాబ్ ఇంకో గదిలో ఉండకూడదని ఆయన నమ్మకం.

1971లో ఆక్స్‌ఫర్డ్ ఆయనకి ప్రొఫెసర్ హోదా ఇచ్చింది. సెకండ్ క్లాస్ స్టూడెంట్‌కి అప్పటికి యాభై నాలుగేళ్లు. నాలుగేళ్లకే, 1975 మే 18న, కాలేయం జబ్బుతో చనిపోయాడు. రాసింది తృప్తిగా లేకపోతే బయటపెట్టని మనిషి కావడంతో అచ్చయినవి తక్కువే. రాబర్ట్ మిల్న్‌తో కలిసి రాసిన పుస్తకం పోయిన మరుసటి ఏడాది వచ్చింది.

నా రెజ్యూమెలో ఆ నాలుగు భాషలూ ఇంకా ఉన్నాయి. ప్లేస్‌మెంట్లకి అవి కావాలి, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ కొత్తది ఏం నేర్చుకున్నా ఇప్పుడు ఒక పరీక్ష పెట్టుకుంటున్నాను. ఇదే సంగతి ఇంకో భాషలో చెప్పగలనా? తెలుగులో మా రూమ్మేట్‌కి చెప్పగలనా? చెప్పలేకపోతే నాకొచ్చింది సింటాక్స్ మాత్రమే.

పోయిన వారం ల్యాబ్‌లో ఒక జూనియర్ స్క్రీన్ మీద నా పాత ఎర్రర్ కనిపించింది. వాడు అప్పటికే లైన్ చెరిపేయబోతున్నాడు. ఆగమన్నాను. ఎడమపక్క గది ఉండాలి తమ్ముడూ, నువ్వు మనిషిని పెట్టావు అని చెప్పాను. వాడు ఒక్క నిమిషం చూసి, తనే సరిచేసుకున్నాడు.