డిగ్రీ లేని పక్షి పండితుడు సలీం అలీ

పదేళ్ల పిల్లవాడు ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టాడు. చేతిలోకి తీసుకుని చూస్తే అది రోజూ చూసే ఊరపిచ్చుక కాదు. గొంతు దగ్గర పసుపు మచ్చ ఉంది. ఇదేం పిట్ట అని మేనమామను అడిగాడు. ఆయనకూ తెలియలేదు. అయినా పిల్లవాణ్ణి కసరలేదు, ప్రశ్నను పక్కన పెట్టలేదు. తెలిసినవాళ్ల దగ్గరికి, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపాడు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ పిట్ట పేరు చెప్పి, సొరుగులు తెరిచి, భద్రపరిచిన వందల పక్షులను చూపించాడు. చదవడానికి పుస్తకాలూ ఇచ్చాడు. సలీం అలీ జీవితం ఆ రోజే మలుపు తిరిగింది.

ఆయన 1896 నవంబరు 12న బొంబాయిలో పుట్టారు. పదిమంది పిల్లల్లో ఆఖరివాడు. ఏడాదికే తండ్రి, మూడేళ్లకు తల్లి పోయారు. పిల్లలు లేని మేనత్త, మేనమామల ఇంట పెరిగారు. బడిలో గొప్ప విద్యార్థి కాదు. తలనొప్పులతో చదువు మధ్యలో ఆగింది. 1913లో మెట్రిక్యులేషన్ అంతంతమాత్రంగా గట్టెక్కారు. ఆ తర్వాత బర్మా వెళ్లి కుటుంబ వ్యాపారం చూసుకున్నారు. అక్కడా మనసు లెక్కల మీద కన్నా అడవి పక్షుల మీదే నిలిచింది.

తిరిగొచ్చాక జువాలజీ కొంత చదివారు కానీ పట్టా లేదు. జువలాజికల్ సర్వేలో పక్షి శాస్త్రవేత్త ఉద్యోగం అందుకే దక్కలేదు. బొంబాయి మ్యూజియంలో చిన్న ఉద్యోగం చేస్తూ, సెలవు పెట్టి జర్మనీ వెళ్లి స్ట్రెస్‌మాన్ వద్ద శిక్షణ పొందారు. 1930లో తిరిగొచ్చేసరికి నిధులు లేక ఆ ఉద్యోగమూ పోయింది.

భార్య తెహ్మినాతో కలిసి బొంబాయికి సమీపంలోని కిహిం అనే సముద్రతీర గ్రామానికి చేరారు. అక్కడ చెట్టుకు వేలాడే గిజిగాడి గూళ్లను నెలల తరబడి గమనించారు. మగ గిజిగాడు గూడు సగం అల్లుతుంది. ఆడపక్షి వచ్చి చూసి, నచ్చితే కాపురం పెడుతుంది. అప్పుడు మగపక్షి మరో గూడు మొదలుపెట్టి మరో జోడును వెతుక్కుంటుంది. మన పల్లెల్లో అందరికీ తెలిసిన పిట్టే, కానీ దాని సంసారం సంగతి లోకానికి ఆయన పరిశీలనతోనే తెలిసింది. ఉద్యోగం లేని రోజులే ఆయనకు పేరు తెచ్చాయి.

తర్వాత సంస్థానాలకు ఒక మాట చెప్పారు: జీతం వద్దు, ప్రయాణాల ఖర్చు ఇస్తే చాలు, మీ ప్రాంతపు పక్షులను లెక్కగట్టి ఇస్తాను అని. 1931-32లో హైదరాబాద్ సంస్థానం సర్వే అలా జరిగింది. నేటి తెలంగాణ, మరాఠ్వాడా, కర్ణాటక ఈశాన్య జిల్లాలు అప్పట్లో ఆ సంస్థానంలోవే. డేరాల్లో, ఎడ్లబండి దారుల్లో తెహ్మినా ఆయన వెంటే ఉన్నారు. 1939లో ఆమె చనిపోయారు. ఆ దుఃఖంలోనూ పని ఆపలేదు. 1941లో భారతీయ పక్షులపై ఆయన పుస్తకం వచ్చింది. డిల్లన్ రిప్లీతో కలిసి రాసిన పది సంపుటాల గ్రంథం 1974 నాటికి పూర్తయింది.

పక్షి బతకాలంటే దాని చోటు బతకాలని ఆయనకు తెలుసు. శ్రీరంగపట్నం దగ్గర కావేరి లంకల్లో కొంగలు గూళ్లు కట్టడం చూసి మైసూరు పాలకులను ఒప్పించడంతో 1940లో రంగనతిట్టుకు రక్షణ దొరికింది. తమిళనాడులో ఉప్పుటేళ్లు, పొడి అడవి కలిసే కోడియక్కరై తీరం విలువను 1962లో గుర్తించారు. 1967లో అది అభయారణ్యమైంది. చిత్తడిని ఎండగట్టి పొలాలు చేయాలన్న ఒత్తిడి నుంచి భరత్‌పూర్‌ను కాపాడడానికి నెహ్రూ దాకా వెళ్లారు. కేరళ సైలెంట్ వ్యాలీని జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి కాపాడాలన్నవారిలో ఆయనా ఒకరు. 1984లో అది జాతీయ ఉద్యానమైంది.

చివరి రోజుల్లో ఒక తెలుగు పేరు ఆయన సొసైటీకి ఆనందం తెచ్చింది. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిందనుకున్న జెర్డాన్స్ కోర్సర్ 1986లో కడప జిల్లాలో దొరికింది. వెతికింది సొసైటీ పరిశోధకులు, జాడ చెప్పింది స్థానికులు. శాస్త్ర గ్రంథాల్లో లేకుండా పోయిన పక్షి వాళ్ల నోట కలివికోడిగా బతికే ఉంది. మరుసటి ఏడాది, 1987 జూన్ 20న సలీం అలీ కన్నుమూశారు. 1988లో ఆ పక్షి ఉన్నచోట శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

మన బడుల్లో మార్కులు తగ్గిన పిల్లలు ఉంటారు. తెలుగులో చదివితే ఏం లాభం అన్న మాట ఇళ్లలో వింటూనే ఉంటాం. ఆ రెండింటికీ ఈ జీవితంలో కొంత జవాబు ఉంది. యానాం పిల్లలకు కోరింగ, ఒడిశా పిల్లలకు చిలికా, తమిళనాట కోడియక్కరై, కర్ణాటకలో రంగనతిట్టు ఉన్నాయి. ఈ శీతాకాలం ఒకరోజు పిల్లలను తీసుకెళ్దాం. చూసిన ప్రతి పక్షికీ తెలుగు పేరు ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసుకురమ్మందాం. మనకు తెలియని ప్రశ్న వస్తే, ఆ మేనమామలాగే తెలిసినవాళ్ల దగ్గరికి పంపుదాం.