ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్

ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ గారు 1861వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన, నేడు బంగ్లాదేశములో చేరియున్న ఖుల్నా ప్రాంతమందలి రారూలి గ్రామమున జన్మించిరి. కలకత్తాలో చదువుకొనుచుండగా 1874లో రక్తవిరేచనములు పట్టి పాఠశాల మానవలసివచ్చెను. ఆ అనారోగ్యపు జాడ జీవితాంతము వారిని విడువలేదు. కాని మంచము పట్టిన ఆ రెండేండ్లును తండ్రి హరిశ్చంద్ర రాయ్ గారి పుస్తక భాండారమే వారికి పాఠశాల యయ్యెను. గ్రంథాలయోత్సవ వేళ స్మరింపదగిన విషయమిది.

పిదప గిల్‌క్రిస్ట్ విద్యార్థివేతనము సంపాదించి 1882లో ఎడింబరో నగరమున కేగి, 1887లో రసాయనశాస్త్రమున డాక్టరు పట్టము బడసిరి. 1889లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో నెలకు 250 రూపాయల జీతముపై ఉపాధ్యాయులుగా చేరిరి. అంతటి యోగ్యత యున్నను, భారతీయుడగుటచే, ఆంగ్లేయులకు దక్కు పై శ్రేణి ఉద్యోగము వీరికి దక్కలేదు. ఆ అన్యాయమునకు తగిన బదులు తరువాతి కాలమున వారి శిష్యులే చెప్పిరి.

క్రొత్తగా చేరిన విద్యార్థుల తరగతులను రాయ్ గారు పట్టుపట్టి తామే తీసికొనెడివారు. మట్టి పచ్చిగా నున్నప్పుడే కుండకు రూపు వచ్చునని వారి నమ్మకము. ఎముకను కాల్చగా మిగులు బూడిద కేవల రసాయనద్రవ్యమే యని చూపుటకు, తరగతిలోనే దానిని నోట వేసికొనిరని శిష్యులు చెప్పుకొనెడివారు. మేఘనాథ సాహా, సత్యేంద్రనాథ బోసు వారి పాఠములు వినినవారే. జ్ఞానచంద్ర ఘోషు, జ్ఞానేంద్రనాథ ముఖర్జీ, నీలరతన ధర్ వారి చేతిమీదుగా శాస్త్రజ్ఞులైరి. వీరిలో ఘోషు గారు ఖరగపూరు సాంకేతిక విద్యాసంస్థకు తొలి సంచాలకులైరి. శిష్యులు ముఖ్యులుగా 1924లో భారతీయ రసాయన సంఘము నెలకొల్పి, గురువునే తొలి అధ్యక్షునిగా నిలిపిరి.

చదివినవారికి ఉద్యోగము లేకున్న చదువు నిలువదని రాయ్ గారెరుగుదురు. 1892లో తమ బసలోనే ఔషధముల తయారీ ప్రారంభించిరి. అమూల్యచరణ బోసను వైద్యుడు తోడు నిలిచి, అడ్డసరము వంటి దేశీయ మూలికల మందులను తోడి వైద్యులచే వాడించెను. 1898లో ప్లేగు ఆ మిత్రుని బలిగొన్నను పని ఆగలేదు. 1901లో అది బెంగాల్ కెమికల్ సంస్థగా రూపొంది ఎందరో యువ రసాయనజ్ఞులకు జీవనాధార మయ్యెను.

1916లో విశ్వవిద్యాలయ విజ్ఞాన కళాశాలకు మారిరి. వివాహము చేసికొనలేదు. ఆ కళాశాల మేడమీది ఒక గదియే వారి యిల్లు. పేద విద్యార్థులే వారి కుటుంబము. 1921లో అరువదియేండ్లు నిండినది మొదలు తమ జీతమునంతయు రసాయనశాఖాభివృద్ధికే విడిచిరి. మరుసటి యేడు నాగార్జునుని పేర ఒక బహుమానమును నెలకొల్పిరి. 1922లో ఉత్తర వంగదేశమును వరదలు ముంచినప్పుడు విద్యార్థులను వెంటబెట్టుకొని సహాయకార్యము నడిపిరి.

1936లో ఉద్యోగము విరమించినను ఆ గదిని విడువలేదు. 1944 జూన్ 16వ తేదీన అచ్చటనే కన్నుమూసిరి. 1896లో తాము కనుగొన్న మర్క్యురస్ నైట్రైటు వారికి శాస్త్రలోకమున కీర్తి తెచ్చెను. అయినను తమను మించిన శిష్యులను చూచుటయే వారికి ఎక్కువ ఆనందము. మన గ్రామమున ఒక పిల్లవానికి పుస్తకమందించి, వానిని తనకంటె పైకి ఎదుగనిచ్చు ప్రతివారును ఆ మహనీయుని త్రోవ నడుచువారే.