రాచపుండు రోగుల తల్లి రోజ్ హాథార్న్

మన ప్రభువు కుష్ఠరోగిని చెయ్యి చాపి ముట్టి బాగుచేశాడని సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసు. మాట మాత్రం సెలవిచ్చినా ఆ రోగి బాగుపడేవాడే. అయినా ప్రభువు ముట్టాడు. ఆ ముట్టడంలోని ప్రేమను ముప్పది ఏండ్లపాటు ఆచరించి చూపిన ఒక స్త్రీ చరిత్రను సంఘస్థుల ముందుంచుతున్నాను.

రోజ్ హాథార్న్ 1851 మే 20న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో లెనాక్స్ అనే ఊళ్ళో పుట్టింది. తండ్రి నథానియెల్ హాథార్న్ ప్రసిద్ధ నవలా రచయిత. ఇరవై ఏండ్లు నిండకముందే ఆమె తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకుంది. 1871లో జార్జి లాత్రోప్ అనే రచయితను పెండ్లాడింది. ఒక్కగానొక్క కొడుకు 1881లో నాలుగేండ్ల ప్రాయంలో కంఠసర్పి వ్యాధితో చనిపోయాడు. 1891లో దంపతులిద్దరూ రోమన్ కాథలిక్ సంఘంలో చేరారు. కాని భర్త తాగుడు మానలేదు. 1895లో ఆమె వేరుపడి ఒంటరిదయింది.

ఆమె స్నేహితురాలు, కవయిత్రి ఎమ్మా లాజరస్ 1887లో కాన్సర్‌తో మరణించింది. కలిగిన కుటుంబం గనుక చివరివరకు ఆమెకు ఏ లోటూ రాలేదు. అదే వ్యాధి వచ్చిన ఒక పేద కుట్టుపని మనిషి సంగతి రోజ్ తరువాత విన్నది. నయం కాదని తేలిన పేదలను న్యూయార్కు ఆసుపత్రులు ఉంచుకొనేవి కావు. బ్లాక్‌వెల్స్ ద్వీపంలోని అనాథ శరణాలయానికి పంపేవారు. కాన్సర్ అంటువ్యాధి అని జనం భయపడే రోజులవి. ఆ కుట్టుపని మనిషి గతి రోజ్ మనస్సును వదలలేదు.

1896లో, నలభై అయిదేండ్ల వయస్సులో, ఆమె న్యూయార్కు కాన్సర్ ఆసుపత్రిలో మూడు నెలలు నర్సు శిక్షణ పొందింది. పుండ్లు చూచి, ఆ వాసన భరించి మొదట్లో ఆమె కూడా తల్లడిల్లింది. అయినా వెనుదిరుగలేదు. నిరుపేదలుండే లోయర్ ఈస్ట్ సైడ్‌లో చిన్న గదులు అద్దెకు తీసుకొని, ఇల్లిల్లూ తిరిగి పుండ్లు కడిగి కట్లు కట్టింది. దిక్కులేని రోగులను తన గదుల్లోనే ఉంచుకుంది. ఖర్చులకు పత్రికలలో విన్నపాలు వ్రాసి చందాలు అడిగింది.

1897 డిసెంబరులో ఆలిస్ హ్యూబర్ అనే చిత్రకారిణి సహాయానికి వచ్చింది. వారానికి ఒక మధ్యాహ్నం మాత్రమే వస్తానన్నది. ఆ మురికి, ఆ వాసన ఆమెకు గిట్టలేదు. అయినా మరుసటి వారం మళ్ళీ వచ్చింది. కొన్ని నెలలకు అక్కడే కాపురం పెట్టింది. 1898లో రోజ్ భర్త మరణించాడు. 1900 డిసెంబరు 8న ఈ ఇద్దరు స్త్రీలు డొమినికన్ కన్యాస్త్రీలుగా ఒక సభను స్థాపించారు. రోజ్ మదర్ ఆల్ఫోన్సా అయింది. 1901లో న్యూయార్కు నగరానికి వెలుపల రోజరీ హిల్ గృహం తెరిచారు.

ఆమె నియమాలు కొద్దివే. రోగి దగ్గర గాని, బంధువుల దగ్గర గాని పైసా తీసుకోరాదు. ఏ మతస్థుడని అడుగరాదు. ఎంత ఘోరమైన పుండు చూచినా ముఖంలో అసహ్యం కనబడనీయరాదు. ఈ మూడవది అన్నిటికంటె కష్టమని నర్సులందరికీ తెలుసు.

1926 జూలై 9న ఆమె నిద్రలోనే ప్రభువు నందు విశ్రమించింది. ఆ సభవారు నేటికీ ఉచితంగానే సేవ చేస్తున్నారు. 2024లో పోప్ ఫ్రాన్సిస్ ఆమెను పూజ్యురాలిగా ప్రకటించారు.

కాన్సర్ ముట్టుకుంటే అంటదని నేడు అందరం ఎరుగుదుము. అయినా రోగికి వేరే కంచం, వేరే గ్లాసు పెట్టిన ఇండ్లు నేను చూశాను. అంతకంటె సిగ్గుపడవలసిన సంగతి ఒకటి ఉన్నది. నేను పరిచర్యకు వచ్చిన కొత్తలో, నోటిలో పుండుతో ఉన్న ఒక పెద్దాయన కొరకు గుమ్మంలోనే నిలబడి ప్రార్థించి వచ్చేశాను. ఆయన చెయ్యి నా వైపు చాపే ఉన్నది. ఈ చరిత్ర చదివినప్పుడెల్లా ఆ చెయ్యి జ్ఞాపకం వస్తుంది.

నయం చెయ్యడం మన చేతిలో లేకపోవచ్చు. ప్రక్కన కూర్చోవడం, కట్టు మార్చడం, చెయ్యి పట్టుకోవడం మన చేతిలో ఉన్నాయి. మన స్త్రీల సమాజమువారు, యౌవనస్థులు వారానికి ఒక మధ్యాహ్నం ఇవ్వగలిగితే చాలు. ఆలిస్ హ్యూబర్ కూడా అంతతోనే మొదలుపెట్టింది.