క్రిస్టఫర్ లేథమ్ షోల్సు

కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారిలో నేటికిని తెగని తగవొకటి కలదు. ఒక పంక్తికి లోబడిన పంక్తులను కుడివైపునకు జరిపి వ్రాయవలసినపుడు ఖాళీమీటను నాలుగుమారులు నొక్కవలెనా, ట్యాబుమీటను ఒక్కమారు నొక్కవలెనా యనునదియే యా తగవు. ఈ రెండు మీటలును టైపురైటరునుండి వచ్చినవే. కావున ఆ యంత్రమునకు మూలపురుషుడైన షోల్సు చరిత్రము మన బాలబాలికలు తెలిసికొనదగినది.

ఆయన 1819వ సంవత్సరము ఫిబ్రవరి 14వ తేదీని అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున జన్మించెను. చిన్నతనముననే అచ్చుపని నేర్చి, విస్కాన్సిన్ ప్రాంతమునకు పోయి పత్రికాసంపాదకుడాయెను. పిదప శాసనసభ్యుడై, 1853లో ఆ రాష్ట్రమున మరణశిక్ష రద్దగుటకు పాటుపడెను. యంత్రముకంటె నిదియే గొప్ప పనియని నా యభిప్రాయము.

అచ్చుకూటములో పదముల నడుమ ఖాళీ ఊరక రాదు. అక్షరములేని సీసపుముక్కను చేతితో కూర్చవలెను. అట్టి పనిలో పెరిగిన షోల్సు మిల్వాకీ నగరమున గ్లిడన్, సూలే యను మిత్రులతో గూడి నిర్మించిన యంత్రమునకు 1868 జూన్ 23న పేటెంటు లభించెను. అందు ఏ యక్షరము నొక్కినను కాగితమును మోయు చట్రము సమానదూరమే జరుగును, ఖాళీమీటకును అంతియే. పట్టికలు వ్రాయువారు ఆ మీటనే పలుమారులు నొక్కి లెక్కించుకొనవలసి వచ్చెడిది. ఈ ప్రయాస తీర్చుటకే తరువాతి యంత్రములలో ట్యాబుమీట చేరెను. దానిని నొక్కినంతనే చట్రము ముందుగా నిర్ణయించిన తావునకు దుమికి నిలుచును.

కంప్యూటరులో ఆ తావును ఎవరి యిష్టము చొప్పున వారు నిర్ణయించుకొందురు. ఒకరికి నాలుగు ఖాళీలంతగా కనబడు ట్యాబు వేఱొకరికి ఎనిమిదింటి యంతగా కనబడును. ఖాళీలు మాత్రము అందఱికిని ఒక్కటే. గో భాషవారు ట్యాబులను, పైథాను భాషవారు నాలుగు ఖాళీలను మెచ్చుకొందురు. పైథానులో పంక్తి ఎంత లోనికి జరిగినదో దానినిబట్టియే యర్థ మేర్పడును. కనుక రెంటిని కలగలిపి వ్రాసినచో ప్రోగ్రాము నడువక పోవచ్చును. కంటికి పంక్తులు సరిగానే యుండును, దోష మెచ్చటనో కానరాదు! ఏదో యొకదానిని పట్టుకొనిన వానికి ఈ బాధ లేదు.

1873లో యంత్రనిర్మాణము రెమింగ్టను కంపెనీవారి చేతికి పోయెను. షోల్సు తన హక్కులను విక్రయించివేయుటచే, తరువాత వచ్చిన ధనరాసులలో ఆయనకు పాలు లేకపోయెను. అయినను ఆ యంత్రమువలన వేలకొలది స్త్రీలకు కచేరీలలో ఉద్యోగములు దొరకెను. ఆయన క్షయరోగముతో బాధపడుచుండియు యంత్రమును మెఱుగుపఱచుట మానక, 1890 ఫిబ్రవరి 17న మిల్వాకీలో కన్నుమూసెను.