108 నిమిషాల్లో భూమిని చుట్టివచ్చిన వడ్రంగి కొడుకు

రోదసిలోకి వెళ్ళిన తొలి మానవుడు యూరీ గగారిన్ ఒక పల్లెటూరి వడ్రంగి కొడుకు. 1961 ఏప్రిల్ 12న చేసిన 108 నిమిషాల ప్రయాణంతో ఆయన పేరు ప్రపంచమంతా మారుమోగింది. ఆ తర్వాత ఆయన బతికింది ఏడేళ్ళు మాత్రమే. మరోసారి రోదసిలోకి వెళ్ళాలన్న కోరిక తీరకుండానే కన్నుమూశారు.

గోతిలో కాపురం

గగారిన్ 1934 మార్చి 9న రష్యాలోని స్మోలెన్స్క్ ప్రాంతంలో, క్లుషినో గ్రామంలో జన్మించారు. తల్లి సమష్టి వ్యవసాయ క్షేత్రంలో పాడి పనులు చేసేది. నలుగురు పిల్లల్లో యూరీ మూడోవాడు.

1941లో జర్మన్ సైన్యం ఆ ఊరిని ఆక్రమించింది. సైనికులు ఇల్లు లాక్కోవడంతో ఆ కుటుంబం గొయ్యి తవ్వి, పైన కప్పు వేసుకుని అందులో తలదాచుకుంది. 21 నెలలు అలాగే గడిచాయి. 1943లో యూరీ అన్ననూ అక్కనూ జర్మన్లు వెట్టిచాకిరికి పట్టుకుపోయారు. యుద్ధం ముగిశాక గాని వారు తిరిగి ఇల్లు చేరలేదు.

పోత పని నుంచి విమానానికి

యుద్ధానంతరం ఆ కుటుంబం దగ్గరలోని గ్జాత్స్క్ పట్టణానికి మారింది. యూరీ మాస్కో సమీపంలో ఇనుము పోత పని నేర్చుకుని, తర్వాత సరాతోవ్ నగరంలోని సాంకేతిక పాఠశాలలో చేరారు. చదువు సాగుతుండగానే అక్కడి ఫ్లయింగ్ క్లబ్బులో విమానం నడపడం నేర్చారు. 1957లో ఒరెన్‌బర్గ్ సైనిక వైమానిక పాఠశాల నుంచి పట్టా పొందారు. ఆ ఏడాదే వాలెంతీనాను వివాహమాడారు.

1960లో రోదసి శిక్షణకు ఎంపికైన 20 మంది పైలట్లలో ఆయన ఒకరు. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలే. ఇరుకైన రోదసీ నౌకకు ఆ పొట్టితనమే కలిసివచ్చింది.

ప్రాణాలకు తెగించిన ప్రయాణం

ఈ యాత్ర ఎంత ప్రమాదకరమో అందరికీ తెలుసు. 1960 డిసెంబరులో రెండు కుక్కలతో పంపిన ఇదే తరహా నౌక తిరుగు ప్రయాణంలో నాశనమైంది. భారరహిత స్థితిలో మనిషికి మతి చలిస్తుందేమోనన్న అనుమానం కూడా ఉండేది. అందుకే నౌకను యంత్రాలే నడిపేలా అమర్చారు. అవసరమైతే మనిషి నడపడానికి కావలసిన రహస్య సంఖ్యను కవరులో పెట్టి సీలు వేశారు.

అప్పటికి గగారిన్ రెండో కూతురు పుట్టి నెల దాటి కొద్ది రోజులే అయింది. తాను తిరిగి రాకపోతే పిల్లలను ఎలా పెంచాలో చెబుతూ ఆయన భార్యకు ఉత్తరం రాసిపెట్టారు.

బైకనూర్ నుంచి ఉదయం 9 గంటల 7 నిమిషాలకు, మాస్కో కాలమానం ప్రకారం, వోస్తోక్ నౌక లేచింది. గంటకు 27 వేల కిలోమీటర్లకు పైగా వేగంతో భూమిని ఒకసారి చుట్టింది. దిగేటప్పుడు నౌక నుంచి విడిపోవలసిన యంత్రభాగం వైర్లకు చిక్కుకుని, సుమారు 10 నిమిషాలు వేలాడింది. నౌక గిరగిరా తిరిగింది. చివరకు వేడికి వైర్లు తెగడంతో గండం గడిచింది.

నేలకు 7 కిలోమీటర్ల ఎత్తున గగారిన్ నౌక నుంచి బయటపడి పారాషూట్‌తో విడిగా దిగారు. ఈ సంగతిని సోవియట్ ప్రభుత్వం చాలా ఏళ్ళు దాచిపెట్టింది. ఆయన దిగింది సరాతోవ్ సమీపంలోని పొలాల్లో. తొలిసారి విమానం నడిపిన ప్రాంతంలోనే మళ్ళీ కాలు మోపారన్నమాట. నారింజ రంగు దుస్తుల్లో వస్తున్న మనిషిని చూసి పొలంలో ఉన్న ఒక రైతు మహిళ, ఆమె మనుమరాలు ముందు భయపడ్డారు. తాను సోవియట్ పౌరుడినేనని ఆయన వారికి ధైర్యం చెప్పారు.

కీర్తే అడ్డంకి

ఆ తర్వాత దేశదేశాల్లో సన్మానాలు జరిగాయి. 1961 చివరలో ఆయన భారతదేశానికి వచ్చి, హైదరాబాద్‌ను కూడా సందర్శించారు. కాని ఆయన మనసు మాత్రం నౌక మీదే ఉంది. 1967 ఏప్రిల్‌లో సోయజ్ నౌక పారాషూట్ సరిగా విచ్చుకోక కొమరోవ్ మరణించారు. ఆ యాత్రకు ప్రత్యామ్నాయంగా సిద్ధం చేసిన వ్యోమగామి గగారినే. జాతికి గర్వకారణమైన మనిషిని పోగొట్టుకోలేమన్న భయంతో ప్రభుత్వం ఆయనను రోదసి యాత్రలకు దూరం పెట్టింది.

ఆయన పట్టు వదలలేదు. 1968 ఫిబ్రవరిలో జుకోవ్‌స్కీ వైమానిక అకాడమీలో ఇంజనీరింగ్ పట్టా పొందారు. మళ్ళీ ఒంటరిగా యుద్ధవిమానం నడిపే అనుమతి కోసం సాధన మొదలుపెట్టారు. ఆ అనుమతికి ముందు పరీక్షగా మార్చి 27న, అనుభవజ్ఞుడైన సెర్యోగిన్‌తో కలిసి మిగ్-15లో ఎగిరారు. ఆ విమానం కిర్జాచ్ సమీపంలో కూలి ఇద్దరూ మరణించారు. గగారిన్ వయసు 34 ఏళ్ళు. ప్రమాదానికి కారణంపై భిన్నాభిప్రాయాలు మిగిలిపోయాయి.

ఏడేళ్ళనాటి ఆ ఉత్తరం భర్త మరణం తర్వాతే వాలెంతీనా చేతికి అందింది. ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఇద్దరు కూతుళ్ళనూ పెంచి పెద్దచేసి, 2020లో కన్నుమూశారు.

గ్జాత్స్క్ పట్టణానికి 1968లో గగారిన్ పేరు పెట్టారు. 1984లో రోదసిలోకి వెళ్ళిన మన రాకేశ్ శర్మ శిక్షణ పొందింది కూడా గగారిన్ పేరిట ఉన్న కేంద్రంలోనే. ఆయన ఎగిరిన ఏప్రిల్ 12ను ఐక్యరాజ్యసమితి 2011లో అంతర్జాతీయ మానవ రోదసి యాత్రా దినంగా ప్రకటించింది.